డెబ్భై ఏడు కిలోలు

శవపరీక్ష చేసిన డాక్టరు చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి మూడే ముక్కలు చెప్పాడు.

"ఉబ్బు ఉంది. పగల్లేదు. మూడు మిల్లీమీటర్లు."

అప్పుడు పదకొండూ పది. సిస్టర్ ఆ మూడు ముక్కలూ, పక్కనే టైమూ నోటుబుక్కులో రాసుకుంది. ఇరవై రెండేళ్లు నర్సుగా చేసి, ఆ పని మానేసి, ఆమె నేర పరిశోధన మొదలుపెట్టి ఆరేళ్లయింది. ఉద్యోగం వదిలినా పిలుపు వదల్లేదు. లాయర్లకూ, జేబుదొంగలకూ, కానిస్టేబుళ్లకూ ఆమె సిస్టరే. ఒక్క ఇన్‌స్పెక్టరుకు మాత్రం వదిన. పోయిన ఆమె భర్తకు అతను స్వయానా తమ్ముడు.

ఆ మరిది ఇప్పుడు ఎదురుగా నిలబడి, ఫైల్లోంచి ఒక కాగితం తీసి ఆమె ముఖం ముందు పెట్టాడు.

"ఇది స్కాన్ రిపోర్టు. పన్నెండు మిల్లీమీటర్లని అచ్చయి ఉంది. మెదడు రక్తనాళంలో అంత ఉబ్బు పెట్టుకున్నవాడికి రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చింది మీ డాక్టరమ్మ. మనిషి పోయాడు. ఇంకేం కావాలి వదినా?"

"ఇప్పుడే కదా ఆయన మూడన్నాడు."

"రక్తం పోయాక ఉబ్బు కుంచించుకుపోతుందట. సూపరింటెండెంటు గారు చెప్పారు."

"పన్నెండు మూడైపోయేంతగానా? నువ్వు ఆయన్ని అడగాల్సింది కొలత సంగతి కాదు. పగలని ఉబ్బులోంచి రక్తం ఎలా కారిందో అడుగు."

ఇన్‌స్పెక్టరు కాగితాన్ని జాగ్రత్తగా మళ్లీ ఫైల్లో పెట్టాడు. "ఒంటిగంటకు ఆ అమ్మాయిని స్టేషనుకు తీసుకెళుతున్నాను. గేటు ఎదుటి టీకొట్టు దగ్గర కూర్చోమన్నాను. ఆవిడ కూర్చుంది. పారిపోయే రకం కాదని నాకూ తెలుసు. కానీ నా ఉద్యోగం నాది."

"ఒంటిగంట దాకా ఫైలు నాకు చూపించు. నీ కళ్లముందే చూస్తాను."

అతను గొణిగాడు గాని కాదనలేదు.

ఆ ఇంజెక్షన్ ఇచ్చిన యువ డాక్టరు ముందురోజు సాయంత్రం సిస్టర్ ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. ఏడవలేదు. టైములు చెప్పింది. బైండింగ్ మాస్టారుకు పొద్దున పదింటికి పుస్తకాలు కుడుతూ కుడుతూ కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. పదీ ఇరవైకి ఎమర్జెన్సీలోకి తెచ్చారు. స్కాన్‌లో మెదడు రక్తనాళానికి గడ్డ అడ్డుపడినట్టు తేలింది. అదే స్కాన్‌లో, ఆ గడ్డతో సంబంధం లేని మరో నాళం మీద చిన్న ఉబ్బు కనబడింది. పదకొండూ ఐదుకు ఇంజెక్షన్ మొదలైంది. పన్నెండూ నలభైకి మెదడులో రక్తస్రావం. మూడుంబావుకు ప్రాణం పోయింది.

"చిన్న ఉబ్బు ఉందని ఈ మందు ఆపకూడదు సిస్టర్," అంది. "గడ్డ చేసే చేటు కళ్లెదుటే ఉంది. ఉబ్బు చేసేది అనుమానం. పది మిల్లీమీటర్లు దాటితే వేరే సంగతి, అక్కడ మాకూ సరిగ్గా తెలియదు. నేను చూసింది మూడు. నా కళ్లతో చూశాను."

"కంప్యూటర్లో ఉంటుంది కదా."

"పాత స్కాన్‌లు దాచే కంప్యూటరు ఇవాళ మధ్యాహ్నం నుంచి పనిచెయ్యడం లేదు. రెండ్రోజులు పడుతుందట. ఇప్పుడు అందరికీ కాగితమే సాక్ష్యం."

*

మాస్టారు భార్య వరండా బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉంది. చేతిలో భర్త కళ్లద్దాలు. సిస్టర్ పక్కన చోటు చేసుకుని కూర్చుంది. ఇన్‌స్పెక్టరు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"ఫిర్యాదు మీరే ఇచ్చారా అమ్మా?"

"సంతకం పెట్టాను. సూపరింటెండెంటు గారే రాయించారు. డాక్టరమ్మ తొందరపడింది, మీకు న్యాయం జరగాలి అన్నారు."

"ఇంజెక్షన్ ఇచ్చేముందు ఆ డాక్టరమ్మ మీతో ఏమైనా చెప్పిందా?"

"చెప్పింది. తలలో ఒక నరం ఉబ్బి ఉంది, మిరియపు గింజంత కూడా లేదు, దానివల్ల పెద్ద భయం లేదు, అసలు మందుకే కొంత ప్రమాదం ఉంది అంది. నూటికి ఐదారుగురికి రక్తం కారొచ్చంది. అయినా ఇవ్వకపోతే చెయ్యి రాదంది." ఆమె కళ్లద్దాల కాడను మడిచి, మళ్లీ విప్పింది. "ఆయనకు చెయ్యే కదమ్మా అన్నం పెట్టేది. ఇచ్చెయ్యమన్నాను. నేనే అన్నాను."

సిస్టర్ తల తిప్పి మరిది వైపు చూసింది. మిరియపు గింజ అన్న మాట అతను కూడా విన్నాడు. పన్నెండు మిల్లీమీటర్లంటే బఠాణీ గింజ కన్నా పెద్దది. అతను చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"ఆయనకు షుగరూ, బీపీ ఏమైనా ఉన్నాయా?"

"బీపీకి రోజూ ఒక మాత్ర. ఇంకేమీ లేవు. ఎముకలగూడు మనిషి. ఫ్యాను జోరుగా పెడితే ఎగిరిపోతావని ఎక్కిరించేదాన్ని. పెళ్లప్పుడు యాభై ఆరు కిలోలు, మొన్న రేషను కొట్టు కాటా మీద నిలబడి నవ్వుతూ అదే యాభై ఆరు చూపించాడు. ముప్పై ఏళ్లలో ఒక్క కిలో నేను పెంచలేకపోయాను."

సిస్టర్ కలం ఆగింది. "మరిదీ, ఆ ఫైలు ఇటివ్వు."

మందుల చార్టు మూడో పేజీలో ఉంది. గడ్డ కరిగించే మందును మనిషి బరువును బట్టి కొలుస్తారు. కిలోకు సున్నా పాయింట్ తొమ్మిది మిల్లీగ్రాములు. అందులో పదోవంతు ఒక్కసారిగా, మిగతాది గంటసేపు. కింద డాక్టరు సంతకం. మందు అరవైతొమ్మిది మిల్లీగ్రాములు. పైన, గడిలో, నీలం సిరాతో రోగి బరువు.

డెబ్భై ఏడు కిలోలు.

ఆమె ఆ అంకె మీద వేలు పెట్టి ఇన్‌స్పెక్టరుకు చూపించింది. గొంతు తగ్గించి, బెంచీ దగ్గర వినబడకుండా అంది. "యాభై ఆరు కిలోల మనిషికి యాభై మిల్లీగ్రాములు చాలు. పంతొమ్మిది ఎక్కువ వెళ్లింది."

"అయితే డాక్టరమ్మే తప్పు చేసిందన్నమాట. ఒకటి కాకపోతే ఇంకొకటి."

"ఈ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం పద. తర్వాత ఎవర్ని తీసుకెళతావో నీ ఇష్టం."

*

ఎమర్జెన్సీ గదిలో కుడిపక్క, తెర వెనక, బరువు తూచే మంచం ఉంది. నిలబడలేని రోగులను దాని మీదే పడుకోబెట్టి తూస్తారు. మంచం కాళ్ల దగ్గర చిన్న పెట్టె, దానికొక బటను. నొక్కితేనే అంకెలు వెలుగుతాయి.

గది ఊడుస్తున్న ఆయమ్మ చీపురు ఆపి చూసింది. సిస్టర్ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని మంచమెక్కి వెల్లకిలా పడుకుంది.

"వదినా, ఏం చేస్తున్నారు? జనం చూస్తున్నారు."

"చూడనీ. బటను నొక్కు."

అతను నొక్కాడు. ఎర్ర అంకెలు వెలిగాయి.

"ఎంత?"

"ఎనభై నాలుగు."

"నా బరువు అరవై మూడు. నెల నెలా చూసుకుంటాను. ఆడదాన్ని కదా, తగ్గించి చెబుతున్నానని నీకు అనుమానం రావచ్చు." ఆమె దిగింది. "ఇప్పుడు ఖాళీ మంచానికి నొక్కు."

ఇరవై ఒకటి.

ఇన్‌స్పెక్టరు కాసేపు ఆ అంకెనే చూశాడు. డెబ్భై ఏడులోంచి ఇరవై ఒకటి తీసేస్తే ఎంతో అతనికి పెదాలు కదపకుండానే తెలిసింది. వంగి మంచం కిందికి చూశాడు. అడుగు చట్రానికి ఒక ఆక్సిజన్ సిలిండరూ, దాన్ని పట్టి ఉంచే ఇనుప తొట్టీ బోల్టులతో బిగించి ఉన్నాయి. బోల్టుల మీద రంగు కూడా కొత్తదే.

ఆయమ్మ అప్పటికి దగ్గరికొచ్చింది.

"అది బిగించి తొమ్మిది రోజులయిందమ్మా," అంది. "ఆ మర్నాడే ఈ గది నర్సులందరికీ పెద్ద, మా పెద్దసిస్టరు కనిపెట్టింది. బిగించాక కాటాను సున్నాకు తేలేదు, అందరూ బండరాళ్లలా తూగుతున్నారు అంది. పుస్తకంలో రాసింది. రెండుసార్లు రాసింది. నిన్నటి ఆ సన్నటాయన్ని ఎత్తి పడుకోబెట్టింది నేనే. దూదిలా ఉన్నాడు. పెద్దసిస్టరు సెలవు. కొత్తమ్మాయి అంకె చూసి రాసుకుంది. నేను చెబుదామనుకున్నాను. అందరూ పరిగెత్తుతుంటే నా మాట ఎవరు వింటారని నోరు మూసుకున్నాను."

ఆమె చీపురు పిడిని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. సిస్టర్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

పరికరాల పుస్తకం గోడకు వేలాడుతోంది. ఎనిమిది రోజుల కిందట ఒకసారి, ఐదు రోజుల కిందట ఒకసారి పెద్దసిస్టరు గుండ్రటి రాతలో ఒకటే ఫిర్యాదు: బరువు మంచం ఇరవై ఒక్క కిలోలు ఎక్కువ చూపుతోంది, వాడకం ఆపాలి. రెండింటి పక్కనా 'చూశాను' అని ఒకే సంతకం. సూపరింటెండెంటుది.

*

సూపరింటెండెంటు లేచి నిలబడి మరీ కుర్చీలు చూపించాడు. తెల్లటి కోటు, అంతకన్నా తెల్లటి మాట.

"రండమ్మా. ఆ అమ్మాయి మీద మీకున్న అభిమానం నాకర్థమవుతుంది. చాలా తెలివైన పిల్ల. వయసు తొందర."

"బరువు మంచం గురించి పెద్దసిస్టరు రాసింది చూశారు కదా," అంది సిస్టర్.

"రోజుకు నలభై ఫిర్యాదులు చూస్తాను. మరమ్మతువాళ్లకు చెప్పాను."

"ఎప్పుడు?"

"గుర్తులేదు. అయినా అంకెను ఎదుటి మనిషితో పోల్చి చూడాల్సింది డాక్టరు. అసలు ఉబ్బు అంత పెద్దదని తెలిసీ—"

"ఆ ఉబ్బు దగ్గరికే వస్తున్నాను. మాస్టారు ఫైలు నిన్న మూడున్నర నుంచి ఆరింటిదాకా ఎక్కడుంది?"

"నా బల్ల మీద. విచారణ నేనే కదా చెయ్యాల్సింది."

"ఆరింటికి నేనొచ్చి తీసుకున్నాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు. అతని గొంతులో ఇందాకటి విసుగు లేదు. ఫైలు తెరిచి, స్కాన్ రిపోర్టు బల్ల మీద పెట్టాడు.

సిస్టర్ దాన్ని అందుకుంది. ప్రతి ఫైల్లోనూ రోగి పేరూ నంబరూ అచ్చువేసిన స్టిక్కర్ల కాగితం ఒకటి ఉంటుంది. రక్తం సీసాల మీదా, చార్టుల మీదా అంటించడానికి. ఇరవై రెండేళ్లలో ఆమె అలాంటివి లక్షల్లో అంటించి ఉంటుంది. స్కాన్ రిపోర్టు మీద మాత్రం ఎప్పుడూ అంటించలేదు. రిపోర్టు మీద పేరును యంత్రమే అచ్చువేస్తుంది. ఈ రిపోర్టు మీద మాస్టారు పేరు స్టిక్కరు మీద ఉంది.

ఆమె బొటనవేలి గోరు స్టిక్కరు మూల కిందికి పెట్టింది.

"అది సాక్ష్యం," అన్నాడు సూపరింటెండెంటు, కాస్త గట్టిగా. "ఇన్‌స్పెక్టరు గారూ, ప్రైవేటు మనిషి సాక్ష్యాన్ని చింపుతుంటే చూస్తూ ఊరుకుంటారా?"

ఇన్‌స్పెక్టరు ఆమె చేతిలోంచి కాగితం లాక్కున్నాడు. ఒక క్షణం ఆమె ఇక అయిపోయిందనుకుంది. అతను జేబులోంచి చిన్న కత్తి తీసి, స్టిక్కరును నిదానంగా, మచ్చ పడకుండా తనే లేపాడు.

కింద ఒక స్త్రీ పేరు. వయసు అరవై నాలుగు. మూడో అంతస్తు, తొమ్మిదో మంచం. స్కాన్ తేదీ మూడు రోజుల కిందటిది.

ఇన్‌స్పెక్టరు కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆవిడ ఫైలు కూడా మీ బల్ల మీదే ఉండి ఉంటుంది," అంది సిస్టర్ మెల్లగా. "ఇంజెక్షన్ మోతాదు సంగతి ఎవరైనా తవ్వితే ఆ మంచం బయటపడుతుంది, మంచంతోపాటు మీ రెండు సంతకాలూ బయటపడతాయి. ఉబ్బు మీదికి నెట్టేస్తే ఇక బరువు ఎవరూ చూడరు. చేతికందిన పెద్ద ఉబ్బు కాగితం తీసుకుని స్టిక్కరు అంటించారు."

సూపరింటెండెంటు కుర్చీలో కూర్చున్నాడు. "ఆవిణ్ణి పెద్దాసుపత్రికి పంపాలి," అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు. "అనుమతి కోసం ఫైలు వచ్చింది. రేపు ఆ కాగితం మళ్లీ అచ్చు తీయించి పెట్టేద్దామనుకున్నాను. కంప్యూటరు బాగవగానే. ఒక్కరోజే కదా అనుకున్నాను."

"ఆవిణ్ణి ఆసుపత్రిలో చేర్చుకున్న డాక్టరెవరు?"

ఇన్‌స్పెక్టరు కాగితాన్ని వెనక్కి తిప్పాడు. అక్కడ యువ డాక్టరు చేతిరాత ఉంది: 'చిన్న స్ట్రోక్ వచ్చి తగ్గింది. మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. ఉబ్బు పెద్దది, గడ్డ కరిగించే మందు విషయంలో ముందుగా నాతో మాట్లాడాలి.'

ఆవిడ తలలో ఏముందో తెలిసిన ఒకే ఒక్క డాక్టరు గేటు బయట టీకొట్టు దగ్గర అరెస్టు కోసం కూర్చుని ఉంది. తెలిపే ఒకే ఒక్క కాగితం ఇన్‌స్పెక్టరు చేతిలో ఉంది.

సిస్టర్ బల్ల మీది ఫోను తీసి మూడో అంతస్తుకు కలిపింది. చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు. "తొమ్మిదో మంచమా? ఇప్పుడు మాట్లాడలేం సిస్టర్. అరగంట కిందట చెయ్యి పడిపోయింది. స్కాన్ తీయించి పైకి తెచ్చాం. ఇంజెక్షన్ కలుపుతున్నారు."

*

లిఫ్టు కోసం ఆగలేదు. మెట్ల మలుపులో ఇన్‌స్పెక్టరు ఆమెను దాటి వెళ్లాడు. సూపరింటెండెంటు గది గుమ్మంలో కానిస్టేబులును నిలబెట్టి రావడం మాత్రం మరవలేదు.

తొమ్మిదో మంచం దగ్గర కుర్ర డాక్టరొకడు సిరంజిని వెలుతురుకెత్తి గాలి బుడగలు తీస్తున్నాడు. మంచం మీద ఆవిడ కళ్లు తెరిచే ఉన్నాయి. ఎడమచేత్తో తల తట్టుకుంటోంది. మళ్లీ మళ్లీ ఒకే చోట. నోట్లోంచి మాట కాని మాట వస్తోంది.

"తలనొప్పి అనుకుంటా," అన్నాడు కుర్ర డాక్టరు వాళ్లను చూసి. "మీరెవరు?"

"తలనొప్పి కాదు నాయనా. తన తలలో ఏముందో నీకు చెబుతోంది," అంది సిస్టర్. ఇన్‌స్పెక్టరు కాగితం అతని ఎదురుగా పట్టుకున్నాడు.

అతను చదివాడు. సిరంజి పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది. "ఇప్పుడు తీసింది మామూలు స్కాన్. అందులో ఇది కనబడలేదు. ఫైల్లో కూడా లేదు."

"తీసేశారు," అంది సిస్టర్.

"ఇస్తే పగలొచ్చు. ఇవ్వకపోతే మాటా చెయ్యీ పోతాయి. పన్నెండు మిల్లీమీటర్లకు ఏం చెయ్యాలో నాకు—" అతను సిరంజిని ట్రేలో పెట్టేశాడు. "మేడమ్ ఉంటే అడిగేవాణ్ణి. ఆవిణ్ణి సస్పెండ్ చేశారు. గేటులోపలికి రానివ్వద్దని ఆర్డరు."

టైము పన్నెండూ యాభై ఐదు. సిస్టర్ మరిది వైపు చూసింది. అతను అప్పటికే ఫోను తీశాడు.

"నేను ఇన్‌స్పెక్టర్ని. తీసుకెళ్లడానికి ఒంటిగంటకు వస్తానన్నాను. ఇప్పుడే వస్తున్నాను, తీసుకురావడానికి."

నాలుగు నిమిషాల్లో యువ డాక్టరు మంచం పక్కన ఉంది. ఆవిడ కళ్లలోకి చూసింది, చేతులు ఎత్తించింది, స్కాన్ ఫిల్ములను కిటికీకి పట్టి చూసింది. ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

"మందు వద్దు. గడ్డ పెద్ద నాళంలో ఉంది. పెద్దాసుపత్రిలో తొడ దగ్గర్నుంచి సన్నటి తీగ పంపి గడ్డను బయటికి లాగేస్తారు. నలభై నిమిషాల దారి. అంబులెన్సులో బీపీ పెరిగితే ఆ ఉబ్బు పగులుతుంది. పక్కన డాక్టరు ఉండాలి."

"నేను డ్యూటీ వదిలి రాలేను మేడమ్," అన్నాడు కుర్రవాడు. "మీరు వెళ్లడానికి ఆర్డరు ఒప్పుకోదు."

ఇన్‌స్పెక్టరు టోపీ సర్దుకున్నాడు. "ఆవిడ నా కస్టడీలో ఉంది. నేనెక్కడికి వెళితే అక్కడికి వస్తుంది. నేను ఆ అంబులెన్సులో వెళుతున్నాను."

స్ట్రెచరు కిందికి దిగింది. అంబులెన్సు తలుపు దగ్గర యువ డాక్టరు ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆగింది.

"సిస్టర్. బైండింగ్ మాస్టారు ఎందుకు పోయారో తెలిసిందా?"

"తెలిసింది."

"ఉబ్బు కాదు కదా?"

"కాదు."

ఆ అమ్మాయి ముఖంలో ఊరట వచ్చింది, వచ్చినంత వేగంగానే పోయింది. సిస్టర్ గొంతులో ఇంకేదో ఉందని పట్టుకుంది. "మందు," అంది. "మోతాదా? ఆయన సన్నగా ఉన్నారు. చార్టు చూసినప్పుడు ఒక్క క్షణం అనిపించింది. టైము లేదని సంతకం పెట్టాను."

"సాయంత్రం మాట్లాడుకుందాం. ఈవిణ్ణి బతికించి రా."

యువ డాక్టరు తలూపింది. లోపలికెక్కి, రోగి ముంజేయి పట్టుకుని నాడి చూడడం మొదలుపెట్టింది. ఆమె వేళ్లు వణుకుతున్నాయి. ఇన్‌స్పెక్టరు అది చూశాడు, సిస్టర్ చూసింది, మంచం మీది ఆవిడ కూడా చూసింది. పని చేస్తున్న ఎడమచెయ్యి ఎత్తి, ఆవిడ ఆ వేళ్లను గట్టిగా పట్టుకుంది.

తలుపు మూసుకుంది.